ఊరు విడిచినను దీపము విడువరాదు



ప్రదోష పూజ ముగిసినది. ప్రసాద వినియోగమునకు ముందు నాలుగు మాటలు చెప్పుమని ట్రస్టు వారు కోరినారు. ఈ కార్తిక సోమవారము నాడు పురాణము విందుమని మీరు వచ్చియుందురు. నేను మాత్రము పాడుపడిన ఊళ్ళను గూర్చి చెప్పదలచినాను. దీపముల మాసములో పాడుపడిన ఊళ్ళ మాట ఎందుకని అనుకొనవలదు. చివరకు దీపము వద్దకే వత్తుము.

మన అమీర్‌పేట నుండి పంజగుట్ట దాటి ఖైరతాబాదు వైపు పోవునప్పుడు గుట్ట మీద ఒక పాత మేడ ఉన్నది. దాని పేరు ఇరం మంజిల్. నవాబు ఫఖ్రుల్ ముల్క్ దానిని కట్టించినారు. ఆ గుట్టను తెలుగువారు ఎఱ్ఱని మన్నును బట్టి పిలుచుచుండగా, నవాబుగారు ఆ ధ్వనికి దగ్గరగా ‘ఇరం’ అను పేరు పెట్టినారని చెప్పుదురు. పారసీక కవులకు ఇరం అనగా స్వర్గతుల్యమైన ఉద్యానవనము. అరబ్బుల గాథలలోనో, అది ఎడారిలో ఎత్తైన స్తంభములతో వెలసి, ప్రజల గర్వము వలన నశించిన నగరము. స్వర్గమునకును, నశించిన నగరమునకును ఒకటే పేరు! ఆ మేడలో కాపురములు ఏనాడో ముగిసినవి. తరువాత ప్రభుత్వ కార్యాలయములు నడచినవి. 2019లో దానిని తొలగించి ఆ స్థలమున శాసనసభా భవనము కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టగా, ఆ ఏటి సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. గోడలు దక్కినవి. గోడలు దక్కుటకు న్యాయస్థానము చాలును. ఇల్లు దక్కవలెనన్న ఇంటివారు కావలెను.

నిజమైన ఎడారిలో పాడుపడిన ఊరు మన దేశముననే ఉన్నది. రాజస్థానములో జైసల్మేరునకు సుమారు 18 కిలోమీటర్ల దూరమున కుల్‌ధరా అను గ్రామము కలదు. అది పాలీవాల బ్రాహ్మణుల ఊరు. వాన మిక్కిలి తక్కువైన ఆ మరుభూమిలో వారు ‘ఖడీన్’ అను మట్టికట్టలు కట్టి, పల్లమునకు చేరిన వాననీటిని నిలిపి, నీరు ఇంకిన తడి నేలలో పైరు పండించినారు. అట్టి నేర్పరుల ఊరు 19వ శతాబ్దములో నిర్మానుష్యమైనది. దివాను సాలింసింగు దౌర్జన్యమునకు ఓర్వలేక 84 గ్రామముల వారు ఒక్క రాత్రిలో వెడలిపోయిరని జనశ్రుతి. నీరు తగ్గి, పన్నుల బాధ పెరిగి, క్రమక్రమముగా వెళ్ళిరని చరిత్ర పరిశీలించినవారి మాట. ఎట్లు వెళ్ళినను ఊరు మిగులలేదు. వీధులు, కప్పు లేని గోడలు, ఒక ఆలయము మిగిలినవి.

అయితే ఒక్క విశేషము గమనింపుడు. పాలీవాల అను పేరు ఎక్కడిది? కుల్‌ధరాకు రాక పూర్వము వారి పెద్దలు నివసించిన పాలీ పట్టణమును బట్టి వచ్చినది. మొదటి ఊరు విడిచినారు, రెండవ ఊరు విడిచినారు. మొదటి ఊరి పేరును మాత్రము విడువలేదు.

మన సంగతియు ఇదియే. తెలుగువారి ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ళు దాగియున్నవో చూడుడు! ఈ సభలో కూర్చున్న వారిలో పలువురు తమ తాతల గ్రామమును తమ పేరు ముందు మోయుచున్నారు. కంప్యూటరు చదువులకై వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో ఉండు పిల్లలు ఆ ఇంటిపేరును ఒక్క అక్షరముగా కుదించి వ్రాయుచున్నారు. ఊరంతయు ఒక అక్షరమునకు తగ్గినది. ఆ అక్షరము విప్పి చెప్పుమన్న తడబడు బిడ్డలను నేను చూచినాను.

ఊరు విడుచుట పాపమా? కాదు. వేదము మనకు విడిచి వెళ్ళు విధమును గూడ నేర్పినది. నిత్యాగ్నిహోత్రి ప్రయాణము కట్టినప్పుడు అగ్నిని అనాథగా విడిచి పోడు. మంత్రపూర్వకముగా దానిని అరణులయందు ఆవాహనము చేయును. దీనిని సమారోపణమందురు. చేరిన చోట అరణులు మథించి ఆ అగ్నినే మరల వెలిగించును. అనగా, వెళ్ళవచ్చును, కాని అగ్నిని వెంట తీసికొని వెళ్ళవలెను. ఆలయమును బాగుచేయునప్పుడు ఆగమము బాలాలయమును విధించినదియు ఇందులకే. గోడ విప్పినంత కాలము గూడ ఆరాధన తెగరాదు.

తెగని చోట ఏమగునో రెండు దృష్టాంతములు చెప్పుదును. నెల్లూరు జిల్లా చేజర్ల మండలములో పెన్నా తీరమున పెరుమాళ్ళపాడు అను గ్రామమున్నది. అక్కడి నాగేశ్వరస్వామి ఆలయము ఇసుకలో మునిగిపోయినది. 19వ శతాబ్దపు వరదల తరువాత అట్లు జరిగియుండునని పురావస్తు శాఖ వారి అంచనా. ఇసుక క్రింద గుడి ఉన్నదని పెద్దలు పిల్లలకు చెప్పుచు వచ్చినారు. 2020లో, కరోనా వలన ఊళ్ళకు తిరిగి వచ్చిన యువకులు గ్రామస్థులతో కలిసి ఇసుక త్రవ్వగా, జూన్ మాసమున ఆలయ శిఖరము బయటపడినది. గుడిని కప్పిన ఇసుక ఆ ఊరి నాలుకను కప్పలేకపోయినది.

ఇక నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమమున సంగమేశ్వరాలయము. శ్రీశైలం జలాశయము వచ్చిన తరువాత అది నీట మునిగినది. వేసవి సమీపించి నీరు తగ్గినప్పుడు, కొలది నెలలు మాత్రమే బయటపడును. గర్భాలయములో వేపదారు శివలింగము. నీరు తొలగగానే బురద కడిగి పూజ మొదలు పెట్టుదురు. నీరు మరల పెరిగినప్పుడు స్వామిని గంగకు అప్పగించి వత్తురు. ఏడాదిలో అధిక భాగము గుడి లేదు. అయినను ఆ గుడి పాడుపడినదని ఎవరందురు?

ఇప్పుడు నా దోషము చెప్పుకొందును. నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున మా పూర్వుల గ్రామము. ఆ ఊరి పేరే మా ఇంటిపేరు. అక్కడ మా ముత్తాతగారు ప్రతిష్ఠించిన చిన్న శివాలయమున్నది. నా తమ్ముడు అర్చన చేసెడివాడు. అతడు కాలధర్మము నొందిన తరువాత, అర్చకుని కుదిర్చెదనని గ్రామస్థులకు మాట ఇచ్చి, తలుపునకు తాళము వేసి, తాళపుచెవి హైదరాబాదు తెచ్చినాను. అది మా ఇంటి గోడ మేకునకు మూడు సంవత్సరములు వ్రేలాడినది. ప్రతిదినము దాని క్రిందనే కూర్చుండి విద్యార్థులకు రుద్రాధ్యాయము సంత చెప్పినాను!

గత కార్తికమున వెళ్ళినాను. పైకప్పు మీద రావిమొక్క మొలచినది. నా గుండె జారినది. కాని గడప మీద నూనె మరక, కొత్తగా కాలిన వత్తి కనబడినవి. విచారింపగా, పొలము పనులు చేసికొను ఒక వృద్ధురాలు ప్రతి సోమవారము అక్కడ దీపము పెట్టుచున్నదని తెలిసినది. ఆమెను పిలిచి, “తాళము వేసిన గుడికి దీపము పెట్టుచున్నావా తల్లీ?” అంటిని. ఆమె, “అయ్యగారూ, తాళం తలుపుకు ఏసిండ్రు గాని, గడపకు ఏయలేదు గదా!” అన్నది.

అరువది సంవత్సరములు వేదము చదివినవాడను. ఆ మాటకు నాకు బదులు దొరకలేదు. సమారోపణము గ్రంథములో చదివినవాడను నేను, ఆచరించినది ఆమె. ఆ దినముననే తలుపు తెరచినాను. రావిమొక్కను వేరుతో తీయించినాను. ప్రక్క ఊరి అర్చకుడు ఇప్పుడు మోపెడు మీద వచ్చి నిత్యపూజ చేసి పోవుచున్నాడు. ఖర్చు మా బంధువులము పంచుకొనుచున్నాము. తాళపుచెవి మాత్రము ఆ తల్లి వద్ద ఉంచినాను.

కావున మిమ్ములను కోరునది పెద్ద గోపురములు కాదు. పాత రాతిగుడిని పడగొట్టి పలకరాళ్ళు పరచుమనుట అసలే కాదు. పాత రాయి నిలుచునంత కాలము దానిని నిలుపుడు. ధూప దీప నైవేద్య పథకము కొన్ని ఆలయములకు అండగా ఉన్నది. అది చేరని గుడికి మీరు చేరుడు. ఈ రాత్రి ఇంటికి పోయి మీ పిల్లలను కూర్చుండబెట్టి, ఇంటిపేరులోని ఆ ఒక్క అక్షరమును విప్పి చెప్పుడు. ఆ ఊరు ఏ నది ఒడ్డున ఉన్నది, అక్కడి స్వామి ఎవరు, ఇప్పుడు దీపము పెట్టుచున్నది ఎవరు అని తెలిసికొనుడు. ఎవరును లేకున్నచో నూనె ఖర్చునకు మీరు పూనుకొనుడు. సంవత్సరమునకు ఒక్కమారైనను పిల్లలతో వెళ్ళి ఆ గడప తొక్కుడు.

మీ ఇంటి గోడకు ఏ తాళపుచెవియైనను వ్రేలాడుచున్నదేమో ఒకసారి చూచుకొనుడు.

శుభం భూయాత్. స్వస్తి.