జలపాతము – పొలములోని గండి

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు జలపాతములను గూర్చి ముచ్చటింపదలచితిమి. మన గ్రామపు పనులకును జలపాతములకును సంబంధమేమని తమరు శంకింపవచ్చును. సంబంధము కలదు. దయతో ఆలకింపుడు.

నది గట్టి రాతిని దాటి మెత్తని రాతిమీదికి వచ్చినచోట, మెత్తని రాయి త్వరగా అరుగును. గట్టి రాయి నిలుచును. ఇట్లేర్పడిన మెట్టుమీదనుండి నీరు దుముకును. అదియే జలపాతము. దుమికిన నీరు రాళ్లను, ఇసుకను సుడి త్రిప్పి అడుగున మడుగు తొలచును. వెనుకనున్న మెత్తని పొర గుహవలె తరుగును. ఆధారము తప్పిన పై బండ ఒకనాడు విరిగిపడును. అంతట జలపాతము ఆ మేరకు ఎగువకు జరుగును.

అమెరికా, కెనడా దేశముల సరిహద్దుననున్న నయాగరా ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంతము. సుమారు 12,000 సంవత్సరములలో అది 11 కిలోమీటర్లు వెనుకకు జరిగినది. విద్యుత్తు కొరకు నీటిలో కొంత భాగమును మళ్లించిన పిమ్మట ఆ కోత మందగించినది. దుముకు నీటిని తగ్గించినచో కోతయు తగ్గునన్నమాట.

మన ఎత్తిపోతలలో చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుమికి, పిదప కృష్ణలో కలియుచున్నది. కుంతాలలో కడెం వాగు దుముకుచున్నది. అచ్చటి బండల అరుగుదల మన జీవితకాలములో కంటికి ఆనదు. మట్టి నేలలో అట్లు కాదు.

గట్టు తెగి, వాననీరు పొలమునుండి వాగులోనికి దుముకుచోటును పరికింపుడు. పైన గడ్డివేళ్లు పట్టిన నేల, క్రింద వదులు మట్టి. నీరు అడుగును తొలచును, అంచు విరిగిపడును, గండి పొలములోనికి ఎగబ్రాకును. అది మూరెడు ఎత్తు జలపాతమే! బండలో ఏండ్లు పట్టెడి పని మట్టిలో ఒక్క పెద్దవానకే జరుగవచ్చును.

చెరువు అలుగు క్రిందను ఇదే ప్రమాదము. అలుగన్నను, మత్తడియన్నను, మరవయన్నను, దుమికెడి నీరు పునాదిని తొలచినచో కట్టడమే కూలును. చెరువు ఖాళీయగును; దిగువ పొలములు ఇసుక మేటలగును.

గండిలో వట్టి మన్ను పోసిన నిలువదు. ఎగువ పొలముల గట్లు బాగుచేసి నీటి ఉరవడిని తగ్గింపవలెను. గండి మొదలును ఏటవాలుగా చెక్కి రాళ్లు పరచి, ప్రక్కల గడ్డి నాటవలెను. దిగువన అడ్డముగా చిన్న రాతికట్టలు వేయవలెను. ఆ కట్టల నడుమ భాగము పల్లముగా నుండవలెను. లేనిచో నీరు ప్రక్క ఒడ్డును కోయును. అలుగు క్రింద, నీరు పడుచోట, రాతిపరుపు చెదరకుండ చూచుకొనవలెను.

1992 నాటి రాజ్యాంగ 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో భూసార పరిరక్షణమును, చిన్ననీటి పారుదలను చేర్చినది. కావున ఇది పరుల పని కాదు. వేసవిలోనే తమ తమ వార్డులలోని గండ్లను, అలుగులను స్వయముగా చూచి, జాబితా వ్రాసి, పంచాయతీ సమావేశము ముందుంచుడు. మూరెడు గండిని గ్రామస్థులే పూడ్పగలరు. అది నిలువెత్తు లోతైన పిమ్మట ఆ రైతునకు పూడ్చుటకు మిగులు పొలమే ఉండదు.