పెళ్లి క్యాసెట్టు – మనుమడి కంప్యూటరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కామారెడ్డి సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడగల సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకే కార్యదర్శి గారు నన్ను కంప్యూటర్లు, వీడియోల గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఈ మిషన్ల పిచ్చి ఉన్న సంగతి మీలో కొందరికి తెలుసు. మా ఇంటావిడకు ఇంకా బాగా తెలుసు.

మనం ఏటా డిసెంబరు 17న ఎందుకు కలుస్తామో అందరికీ తెలిసిందే. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. దానికి నెల రోజుల లోపే, నవంబరు 19న, ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు మొదలయ్యాయి. ఆ సంవత్సరమే దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది. అంటే పెన్షనరు హక్కు, కలర్ టీవీ ఒకే చలికాలంలో మన ఇళ్లకు వచ్చాయన్నమాట. ఆ వెనకాలే వీసీఆర్ వచ్చింది. జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ పద్ధతిని 1976లోనే తెచ్చినా మన దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది. టీవీ, వీసీఆర్ రాత్రికి కిరాయికి తెచ్చి, వాకిట్లో చాపలు పరచి, తెల్లారేదాకా వరుసగా మూడు సినిమాలు చూసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మరునాడు ఆఫీసులో ఎవరెవరు కునికిపాట్లు పడ్డారో ఇక్కడ చెప్పడం బాగుండదు.

మా చెల్లెలి పెళ్లి 1989లో కామారెడ్డిలో జరిగింది. వరుని వారిది ఎల్లారెడ్డి. ఆ పెళ్లికి వీడియో తీయించాము. కళ్లు చెదిరే లైటు పట్టుకొని ఒకడు, భుజాన కెమెరాతో ఇంకొకడు, భోజనాల బంతి మధ్యలో తిరుగుతుంటే పెద్దలు విసుక్కున్నారు. అందులో మా నాయన ఉన్నారు. రెండేళ్లకు ఆయన పోయారు. ఆయన ఫోటోలు నాలుగైదు ఉన్నాయి గాని, కదులుతూ, మాట్లాడుతూ ఉన్నది ఆ క్యాసెట్టు ఒక్కటే.

2005లో నేను తెలివైన పని చేశాననుకున్నాను. క్యాసెట్టును నగరంలో ఒక స్టూడియోకు ఇచ్చి డీవీడీ చేయించాను. డీవీడీ వచ్చింది కదా, ఇంకా ఈ డబ్బా ఎందుకని క్యాసెట్టును పాత సామాన్లవాడికి వేశాను. 2023లో మా మనుమడు "తాతా, ముత్తాత ఎట్లుండేటోడు?" అని అడిగితే ఆ డీవీడీ తీశాను. ఒక్క ప్లేయరులోనూ ఆడలేదు. మనం ఇంట్లో రాయించుకునే డీవీడీ, అంగడిలో అమ్మే సినిమా డీవీడీ ఒకటి కావు. సినిమా డిస్కులో గుంటలు అచ్చు గుద్ది ఉంటాయి. మనదాంట్లో ఒక రంగు పొర మీద లేజరుతో రాస్తారు. వేడికి, వెలుతురుకు ఆ రంగు పాడవుతుంది. నేను దాన్ని పద్దెనిమిదేళ్లు కిటికీ పక్కన అల్మారాలో భద్రపరిచాను!

ఎల్లారెడ్డికి ఫోను చేస్తే చెల్లెలు, "అన్నా, మా కాపీ సజ్జ మీద ఉన్నది. గని తెల్లగ బూజు పట్టింది. పారేద్దామనుకున్న" అన్నది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

క్యాసెట్టులో ఉన్నది అర అంగుళం వెడల్పు ప్లాస్టిక్ పట్టీ. దాని మీద అయస్కాంతపు పొడిని ఒక రకం జిగురుతో అంటించి ఉంటారు. తేమ తగిలితే జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్టును వీసీఆర్‌లో పెడితే హెడ్డుకు ఆ చెత్త అంటుకొని, తరువాత పెట్టిన మంచి క్యాసెట్టూ చెడుతుంది. కాబట్టి ఆత్రపడి ఆడించి చూడకండి. ఎండలో అసలే పెట్టకండి. నేను కొన్నాళ్లు పొడిగా ఉన్న గదిలో ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, వెనుక ఐదు స్క్రూలు విప్పి, చుట్టలను మంచి డబ్బాలోకి మార్చాను. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో చేత్తో తిప్పుకుంటూ తుడిచాను. మూడు సాయంత్రాలు పట్టింది. చేతి వణుకు ఉన్నవారు ఈ పనికి పూనుకోవద్దు.

ఇక వీసీఆర్. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో తయారీ ఆపేసిన తరువాత కొత్తవి రావడం లేదు. ఉన్నవాటికి రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి. నా పాతదానికి బెల్టులు మార్పించేసరికి మెకానిక్కు, "సార్, ఇవి నా దగ్గర ఆఖరువి" అన్నాడు.

ఇక్కడ మా మనుమని సంగతి చెప్పాలి. ఆటలు ఆడే కంప్యూటరు కావాలని వాడు ఏడాదిగా పోరుతున్నాడు. "చదువుకా, ఆటలకా?" అని నేను గొణిగాను. మన పిల్లలు టీవీకి తగిలించిన డబ్బాలో, "9999 ఆటలు" అని రాసిన క్యాసెట్టు పెట్టుకొని మారియో ఆడినప్పుడూ అట్లాగే గొణిగాను. ఆ క్యాసెట్టులో ఉన్నవి పది ఆటలు కూడా కావు, పేర్లు మార్చి తిప్పి తిప్పి వేసేవారు. చివరకు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు ఇద్దరం కలిసే వెళ్లాము. డబ్బాకు గాజు తలుపు, రంగుల లైట్లు వద్దన్నాను. వాటితో వేగం వీసమెత్తు పెరగదు. ఆ డబ్బును మంచి ఎస్ఎంపీఎస్‌కు పెట్టమన్నాను. కరెంటు పెట్టె చవకది అయితే ఒక్క వోల్టేజి దెబ్బకు అన్నీ పోతాయి. ఆటలు ఆడనివారికి మాత్రం వేరే గ్రాఫిక్స్ కార్డు దండగ. మీ పాత కంప్యూటరు నత్తలాగా నడుస్తుంటే హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించి చూడండి, కొత్తది కొననక్కరలేకపోవచ్చు. అయితే విండోస్ 10కు మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానికి అప్‌డేట్లు అందకపోతే అందులో బ్యాంకు పనులు చేయవద్దు. డబ్బు పందెపు ఆటల ఊసు ఎత్తను. వాటిని నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టమే చేసింది.

వీసీఆర్‌కు, వాడి కంప్యూటరుకు మధ్య చిన్న యూఎస్‌బీ పరికరం తగిలించి రికార్డు చేశాము. తొందరపెట్టే వీలు లేదు. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ కూర్చోవలసిందే. వాడు తన ఆట మానుకొని నా పక్కనే కూర్చున్నాడు. బొమ్మ మీద గీతలు, వంకరలు. పైగా ఆనాటి స్టూడియోవారు మాటలన్నీ తీసేసి సినిమా పాటలు ఎక్కించారు. నాయన పెదవులు కదులుతున్నాయి, వినపడేది మాత్రం యుగళగీతం! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎదుర్కోలు దగ్గర ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యేలోపు కొద్ది సేపు అసలు ధ్వని మిగిలిపోయింది. అందులో నాయన గొంతు: "ఎల్లారెడ్డోల్ల బస్సు వచ్చిందా? ముందుగాల వాళ్లకు నీళ్లియ్యుండ్రి." అంతే.

మనుమడు దాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. తరువాత, పక్కన తలపాగా ఆయన ఎవరు, ఆ బుట్ట పట్టుకున్న ముసలామె ఎవరు అని అడగసాగాడు. నేను చెబుతుంటే వాడు పేర్లు రాసుకున్నాడు. నలుగురిని నేను గుర్తుపట్టలేకపోయాను. వారిని గుర్తుపట్టగలిగిన మా చిన్నాయన అంతకు ముందు సంవత్సరమే పోయారు.

అందుచేత మీ ఇళ్లలో క్యాసెట్లుంటే ఈ సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు కిందికి దింపించండి. అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేయండి. అది లేకపోతే పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాదు. బయట ఇచ్చేటప్పుడు అన్నీ ఒకేసారి ఇవ్వకండి, డీవీడీ కాదు, ఫైలు కావాలని అడగండి. దాన్ని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బిడ్డ దగ్గర ఉంచండి. పెన్ డ్రైవు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇది అయిపోయిన తరువాత కూడా, నాలాగా, అసలు క్యాసెట్టు పారేయకండి.

నా వీసీఆర్ ఇంకా నడుస్తున్నది. బెల్టులు ఎన్నాళ్లుంటాయో చెప్పలేను. శనివారాలు నేను ఇంట్లోనే ఉంటాను. క్యాసెట్టు మీద పేరు, ఏ పెళ్లి, ఏ సంవత్సరం అన్నది చీటీ అతికించి కార్యదర్శి గారికి ఇవ్వండి. ముందు బూజు లేనివి తీసుకుంటాను. సెలవు.