మెలకువకు ఒక జన్యువు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల తరువాత నిద్ర గురించి మాట్లాడమన్న కార్యదర్శిగారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఎవరికైనా కునుకు వస్తే నేనేమీ అనుకోను. ఒకప్పుడు అనుకున్నాను. అనుకోవడమే కాదు, కాగితం మీద పెట్టాను.

1986లో నేను సూపరింటెండెంటుగా ఉన్న సెక్షనులో ఒక ఎల్.డి.సి. ఉండేవారు. దస్తూరీ ముత్యాల్లా ఉండేది. కాని పదకొండు గంటలకే ఫైలు మీద తల వాల్చేసేవారు. కలం నడుస్తూనే ఉండేది, అక్షరాలు గీతలైపోయేవి. ఒకనాడు ఎవరో చెప్పిన జోకుకు పగలబడి నవ్వుతూ మోకాళ్ళు మడతపడి కూలబడ్డారు. స్పృహ ఉంది, కళ్ళు చూస్తున్నాయి, లేవలేరు. రెండు నిమిషాల్లో మామూలే. తాగి వచ్చాడన్నారు. నేనూ నమ్మాను. మెమో ఇచ్చి సంజాయిషీ అడిగితే, నిద్ర నా వశంలో లేదండీ అని రాశారు. ఇది నిర్లక్ష్యపు జవాబు అని నోటు పెట్టింది నేనే. ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆగిపోయింది. అంటే ఏమిటో ఈ సభకు వివరించనక్కరలేదు.

మూడేళ్ళ క్రితం మా మనవరాలు క్లాసులో నిద్రపోతోందని బడి నుంచి కబురు వచ్చింది. నవ్వితే చేతిలో గ్లాసు జారిపోయేది. ఆసుపత్రిలో రాత్రంతా తలకు తీగలు అమర్చి నిద్రను రికార్డు చేశారు. మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి, ఎంతలో నిద్రపడుతుందో చూశారు. నార్కొలెప్సీ అన్నారు. 1880లోనే ఫ్రాన్సులో జెలినో అనే వైద్యుడు పెట్టిన పేరట. "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని మా వియ్యపురాలు వెంటనే అడిగారు. దానికి జవాబు వెతుకుతూ నేను ఈ జన్యువు దాకా వెళ్ళాను.

మన 17వ క్రోమోజోము మీద ఒక చిన్న జన్యువు ఉంది. అది 131 అమైనో ఆమ్లాల గొలుసును తయారు చేయిస్తుంది. ఆ గొలుసు తెగి 33, 28 అమైనో ఆమ్లాల రెండు ముక్కలు వస్తాయి. మనల్ని మెలకువగా నిలబెట్టేవి ఇవే. 1998లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరుగా కనిపెట్టి, ఒకరు హైపోక్రెటిన్ అని, ఇంకొకరు ఆకలికి సంబంధించిందనుకుని ఒరెక్సిన్ అని పేర్లు పెట్టారు. ఈనాటికీ రెండు పేర్లూ నడుస్తున్నాయి. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, ఈ పదార్థాన్ని చేసేవి హైపోథాలమస్‌లో ఓ డెబ్భై వేలు మాత్రమే.

1999లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ జబ్బున్న డాబర్‌మన్ కుక్కల్లో ఆ పదార్థాన్ని అందుకునే గ్రాహకం జన్యువు చెడిందని తేలింది. మనుషుల్లో అలా కాదు. 2000లో చూస్తే రోగుల మెదడులో ఆ కణాలే దాదాపు మాయమయ్యాయి, జన్యువు మాత్రం చెక్కుచెదరలేదు. మన భాషలో చెప్పాలంటే జి.ఓ. అమల్లోనే ఉంది, సీటులో గుమస్తా లేడు. ఒంటి రక్షణవ్యవస్థే పొరబడి ఆ కణాలను చంపుతుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. జన్యువులోనే లోపం దొరికిన రోగి ఒకరున్నారు, ఆరు నెలల వయసులోనే జబ్బు మొదలైంది. అది అరుదు. రోగి తోబుట్టువులకో పిల్లలకో వచ్చేది నూటికి ఒకరిద్దరికే. వియ్యపురాలిగారికి ఇదంతా చెప్పాను. పిల్ల పెళ్ళి గురించి బెంగ తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

పోయిన కణాలు తిరిగి రావు. వేళకు కాసేపు పడుకోనివ్వడం, మెలకువకు మాత్రలు, ఇలాంటివే సాధనాలు. చిత్రమేమంటే, నిద్రపట్టని వారి కోసం 2014లో అమెరికాలో అనుమతి పొందిన సువోరెక్సాంట్ ఈ పదార్థాన్నే అడ్డుకుంటుంది. పక్కింటివారి నిద్రమాత్ర అడిగి మింగేవారు మనలో ఉన్నారు, దయచేసి మానండి.

నేను డాక్టరును కాను. ఆ ఎల్.డి.సి.గారికి ఈ జబ్బేనని ఇప్పుడు తేల్చలేను, ఆయన లేరు. ఆయన శ్రీమతి ఫ్యామిలీ పెన్షనరు. నేను పెట్టిన నోటు ఆ పెన్షనులో నేటికీ నెలనెలా కోత పడుతూనే ఉంది. మొన్న వారింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన నవ్వడం మానేశారండీ అన్నయ్యగారూ, పడిపోతానని" అన్నారు. తరువాత కాఫీ తెచ్చి, "మరి ఆ పిల్ల బడికి వెళుతోందా?" అని అడిగారు.

వెళుతోందమ్మా అన్నాను.