డబ్బాలూ, తోరణాలూ, ఒక అయిదేళ్ళ పిల్లా

(మా ఊరి తెలుగు సంఘం సంక్రాంతి సభలో తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

సంక్రాంతి భోజనాలయిన వెంటనే ప్రసంగం పెట్టిన మన కార్యవర్గం ధైర్యాన్ని ముందుగా మెచ్చుకోవాలి. పులిహోర, అరిసెలు, గారెలు తిన్నాక మీకు కునుకు పడితే నేనేమీ అనుకోను.

నాకిచ్చిన విషయం, చిన్నపిల్లలతో కలిసి తక్కువ ఖర్చులో ఇల్లు సర్దుకోవడం, అలంకరించుకోవడం. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్. ఇంటి అలంకరణలో నాకున్న అర్హతలు రెండే. మా ఇంట్లో అయిదేళ్ళ అమ్మాయి ఉంది. శనివారాలు మా ఆవిడకి డ్యూటీ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

ముందు ఇదంతా ఎందుకో చెప్పి, తరవాత ఎలాగో చెబుతాను.

మనవాళ్ళ అద్దె అపార్టుమెంట్లలోకి వెళ్ళి చూడండి. గోడలు చాలా శుభ్రంగా ఉంటాయి, అంటే వాటి మీద ఏమీ ఉండదు. హాల్లో ఒక టీవీ, ఒక సోఫా, మూలన రెండు సూట్‌కేసులు. అడిగితే "ఇల్లు కొన్నాక చూద్దాంలెండి" అంటారు. ఇల్లెప్పుడు కొంటారంటే "గ్రీన్ కార్డు వచ్చాక" అంటారు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్ళకీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన 1990 నాటి చట్టంలోది. ఆ క్యూ ఎంత వేగంగా కదులుతుందో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళం కాబట్టి మనం ఆగగలం. పిల్లల బాల్యానికి మాత్రం ప్రయారిటీ డేటు లేదు. అది మన ఫైలుతో నిమిత్తం లేకుండా నడిచిపోతూనే ఉంటుంది.

మా అమ్మాయికి అయిదేళ్ళు నిండేలోపు మేము మూడిళ్ళు మారాం. మూడో ఇంట్లో పెట్టెలు విప్పుతుంటే "నాన్నా, ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటాం?" అని అడిగింది. "తెలీదు తల్లీ. ఉన్నన్నాళ్ళూ ఇది మనదే" అన్నాను. "అయితే ఇందులో నాది ఏది?" అంది వెంటనే. న్యాయమైన ప్రశ్న. మన ఇళ్ళల్లో పిల్లల కోసం కొన్న వస్తువులు బోలెడుంటాయి. పిల్లలు తాము చేసి "ఇది నాది" అని చూపించగలిగేవి ఎన్నుంటాయి?

దీని మీద పరిశోధన కూడా ఉంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియెలీ అనే ముగ్గురు 2012లో ఒక పత్రం ప్రచురించారు. మనుషులు తమ చేత్తో బిగించుకున్న పెట్టెకీ, మడిచిన కాగితం బొమ్మకీ ఇతరులు ఇచ్చే విలువకన్నా ఎక్కువ విలువ కడతారని వాళ్ళు చూపించారు. దానికి 'ఐకియా ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. మన అమ్మమ్మలు ఏ పేరూ పెట్టకుండానే పిల్లల చేత వడియాలు పెట్టించేవారు.

ఇక ఎలాగో చెబుతాను. మేము మూడు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, ఏ పనికీ పది డాలర్లు దాటకూడదు. రెండు, సగం పనైనా పిల్ల చేతుల మీదుగా జరగాలి. మూడు, రేపు ఇల్లు మారితే మడిచి అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళగలగాలి. ఈ మూడింటికీ సరిపడిన పనులు అయిదు చెబుతాను.

మొదటిది కింది అర. పుస్తకాల అల్మరాలో అన్నిటికన్నా కింది అర ఖాళీ చేసి పిల్లకి ఇచ్చేయండి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచినప్పుడు చేసిన పెద్ద మార్పుల్లో ఇదొకటి. బల్లలూ కుర్చీలూ పిల్లల కొలతకి, అరలు పిల్లల చేతికి అందే ఎత్తుకి. ఆవిడే 1939లో మద్రాసు అడయారు వచ్చి మన దేశపు టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతికి ఖరీదైన సామాను అక్కర్లేదు. చెప్పుల పెట్టెలు నాలుగు తీసుకుని, పాత నూలు చీర ముక్కలు జిగురుతో అతికించాం. ఒక్కో పెట్టె మీద లోపల ఏముందో మా అమ్మాయే బొమ్మ గీసింది. చదవడం రాని పిల్లకి కూడా ఏది ఎక్కడ పెట్టాలో తెలిసింది.

నాలుగు పెట్టెలే ఎందుకంటే, 2018లో టొలీడో యూనివర్సిటీ వాళ్ళు రెండేళ్ళ వయసు అటూ ఇటూగా ఉన్న 36 మంది పిల్లల్ని గమనించారు. నాలుగు బొమ్మలిచ్చినప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. పదహారు ఇస్తే ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి గెంతారు. కాబట్టి ఉన్న బొమ్మలన్నీ పరిచిపెట్టకండి. కొన్ని బయట, మిగతావి క్లోజెట్లో. రెండు మూడు వారాలకోసారి మార్చండి. పైసా ఖర్చు లేకుండా పాత బొమ్మ మళ్ళీ కొత్తదవుతుంది.

రెండోది పప్పు డబ్బాలు. పీనట్ బటర్ డబ్బాలు కడిగి ఆరబెట్టి ఉంచండి. గాజు సీసాలు చిన్నపిల్లలతో వద్దు. గరాటు లేకపోతే కాగితం పొట్లంలా చుట్టి, పిల్లచేత పప్పులు పోయించండి. కొన్ని కిందపోతాయి, అవి ఏరడం కూడా పనిలో భాగమే. తరవాత తెల్ల కాగితం మీద పేరు పెన్సిల్‌తో నేను తెలుగులో రాస్తే, దాని మీద మా అమ్మాయి రంగు పెన్నుతో దిద్దింది. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, మినప్పప్పు. నాలుగు డబ్బాలూ వరసగా పెట్టాక ఆ పిల్ల కాసేపు చూసి, "నాన్నా, అన్నిటికీ చివర ఒకేలా ఉంది" అంది. ఏమిటది అన్నాను. "పప్పు!" అని అరిచింది. మా అమ్మాయి తనంతట తాను చదివిన మొదటి తెలుగు మాట అదే. అక్షరమాల చార్టు గోడకి అతికిస్తే కొన్నాళ్ళకి గోడలో కలిసిపోతుంది. డబ్బా రోజుకి రెండుసార్లు చేతిలోకి వస్తుంది.

ఇక్కడ ఒక మాట. తెలుగు పిల్లలకి రావడం లేదని ప్రతి సభలోనూ బాధపడతాం. చేతిలో పని లేకుండా భాష అంటదు. ఇల్లు సర్దుతున్నప్పుడు మన నోట వచ్చే మాటలు వినండి. పైన పెట్టు, పక్కకి జరుపు, మడత పెట్టు, గట్టిగా నొక్కు, తుడువు, ఆరనీ, మెల్లిగా. ఇవి క్లాసులో నేర్పితే వ్యాకరణం. పని చేస్తూ అంటే పిల్లకి అర్థం కళ్ళ ముందే జరుగుతుంది. ఆ పూటకి ఇంగ్లీషు అవసరం రాదు.

మూడోది తోరణం. పండగ ముందు ఇండియన్ స్టోర్లో మామిడాకులు దొరికితే అదృష్టం, దొరక్కపోతే కాగితం. బ్రౌన్ రంగు కిరాణా సంచులు కత్తిరించి పచ్చరంగు వేయించండి. ఆకుని నిలువునా సగానికి మడిస్తే మధ్య ఈనె దానంతటదే వస్తుంది. ఇందులో లెక్క కూడా ఉంది. ఇక్కడి వీధి గుమ్మం వెడల్పు సాధారణంగా 36 అంగుళాలు. ఆకు రెండంగుళాలు, సందు ఒక అంగుళం అనుకుంటే పన్నెండు ఆకులు కావాలి. మా అమ్మాయి పన్నెండూ లెక్కపెట్టి, రెండు అదనంగా చేసింది. "చిరిగితే?" అంది. సాఫ్ట్‌వేర్‌లో మేము బ్యాకప్ అనేది దీన్నే. గోడకి మేకు కొట్టకుండా, లాగితే ఊడొచ్చే అంటు హుక్కులకి కట్టాం.

నాలుగోది ముగ్గు. వేసవిలో డ్రైవ్‌వే మీద వేసుకోవచ్చు. జనవరిలో మా దగ్గర డ్రైవ్‌వే మంచు కింద ఉంటుంది. కాబట్టి నల్ల చార్టు అట్ట, సుద్దముక్క. చుక్కలు పిల్ల పెట్టాలి, గీతలు ఇద్దరూ కలపాలి. "అయిదు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేదాకా" అని మన అమ్మలు ఒక్క ముక్కలో చెప్పేది నిజానికి ఒక ప్రోగ్రాము. మధ్య వరసలో అయిదు, అటూ ఇటూ నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తం ఎన్ని? ఇరవై అయిదు. ఏడుతో మొదలుపెట్టి ఒకటిదాకా వెళ్తే నలభై తొమ్మిది. అంటే అయిదయిదులు, ఏడేడులు. ఇది ఎందుకలా వస్తుందో పెద్దపిల్లల్ని అడగండి, మంచి కాలక్షేపం. వేసిన ముగ్గులో బాగా వచ్చినది ఆ నెలంతా హాల్లో నిలబెడతాం, తరవాత తుడిచి కొత్తది వేస్తాం. అట్ట ఖరీదు ఏడాదికి ఒకసారే.

అయిదోది బొమ్మల కొలువు. కొందరిళ్ళల్లో దసరాకి, కొందరిళ్ళల్లో సంక్రాంతికి పెడతారు. మెట్లు ఎక్కణ్ణుంచి తేవాలని చాలామంది మానేస్తారు. చలికాలం బట్టలూ, దుప్పట్లూ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు మీ ఇంట్లో ఉన్నాయి కదా. వెనక మూడు ఎత్తు, మధ్య రెండు ఎత్తు, ముందు ఒకటి పేర్చి, మీద ఒక చీర పరిస్తే మూడు మెట్లు. కొలువు ఎత్తాక డబ్బాలు మళ్ళీ క్లోజెట్లోకి. కొండపల్లి బొమ్మ ఒకటుంటే పెట్టండి. అది తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారని పిల్లకి పట్టుకోనిచ్చి చెప్పండి. ఏటికొప్పాక లక్క బొమ్మ ఉంటే అది అంకుడు కర్ర. లేకపోతే బాధలేదు. మా కొలువులో పై మెట్టు మీద రాజూ రాణీ, కింది మెట్టు మీద పసుపు రంగు స్కూలు బస్సు, అట్టతో చేసిన గ్రోసరీ స్టోరు, దూదితో మంచు ఉన్నాయి. పిల్లకి తెలిసిన లోకం కూడా కొలువులో ఉండాలిగా. పేరంటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు బస్సుని చూసి నవ్వి, "మా కాలంలో ఎడ్లబండి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఇదే సరైనది" అన్నారు.

ఇంజనీరుని కాబట్టి భద్రత గురించి చెప్పకుండా దిగిపోలేను. నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. మొదటిది, అల్మరాలూ, డ్రస్సర్లూ గోడకి బిగించండి. బట్టల డ్రస్సర్లు పిల్లల మీద పడిపోకుండా తయారు చేయాలన్న కొత్త ప్రమాణం 2023 సెప్టెంబరు 1 నుంచి తయారైన వాటికే వర్తిస్తుంది. గరాజ్ సేల్‌లో తెచ్చుకున్న పాతవాటికి ఆ భరోసా లేదు. గోడ పాడవకూడదన్న నా షరతు ఇక్కడ మాత్రం పనిచేయదు. చిల్లు పూడ్చుకోవచ్చు, అపార్టుమెంటు ఆఫీసుకి ముందే ఒక ఈమెయిల్ రాసి బిగించండి. రెండోది, 1978కి ముందు కట్టిన ఇంట్లో ఉంటే గోడల రంగు గీకడం, పాత కిటికీ చెక్కలు సాండ్‌పేపర్ పట్టడం చేయకండి. ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు. మూడోది, మూడేళ్ళలోపు పిల్లలుంటే పూసలు, గుండీలు, అయస్కాంతం ముక్కలు వద్దు. టాయిలెట్ పేపర్ లోపలి అట్టగొట్టంలో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసు పిల్లలకి ఇవ్వకూడదు. అయస్కాంతం ముక్కలు మాత్రం పెద్దపిల్లలు మింగినా ప్రమాదమే. నాలుగోది మనవాళ్ళకే ప్రత్యేకం. ఎరుపూ నలుపూ గురివింద గింజలు అందంగా ఉంటాయని ఊరి నుంచి తెచ్చి అలంకరణలో వాడతారు. వాటిలో తీవ్రమైన విషం ఉంది. గింజ నమిలితే ప్రాణాపాయం. పిల్లలున్న ఇంట్లో వాటిని ఉంచకండి.

ఇవన్నీ చేస్తే మీ ఇల్లు పత్రికల్లో ఫోటోలా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. మా తోరణంలో ఆకులు ఒక్కోటి ఒక్కో సైజు. 'శనగపప్పు'లో గకారం కొంచెం పడుకుని ఉంది. సరిచేద్దామని నాకూ చెయ్యి దురద పెడుతుంది, కానీ ముట్టుకోను. ఎవరొచ్చినా మా అమ్మాయి వాళ్ళని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి డబ్బాలు చదివి వినిపిస్తుంది. తాతయ్యకీ నాయనమ్మకీ ఇదివరకు వీడియో కాల్‌లో "హాయ్" చెప్పి పారిపోయేది. ఇప్పుడు ఫోను తనే పట్టుకుని "ఇది నా అర, ఇది నేను మడత పెట్టాను" అని ఇల్లంతా తిప్పి చూపిస్తుంది. చెప్పడానికి సొంత సంగతులున్నాయి, వాటికి మాటలు కూడా ఉన్నాయి.

లీజు ఎన్నాళ్ళు, వీసా ఎన్నాళ్ళు అన్నది మన చేతిలో లేదు. కింది అర ఖాళీ చేయడం మన చేతిలో ఉంది. వచ్చే శనివారం పప్పు డబ్బాలతో మొదలుపెట్టండి, గంటన్నర పని.

చివరిగా కార్యవర్గానికి ఒక విన్నపం. రాబోయే ఉగాది సభకి ఈ హాలు గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం కొనకండి. ఒక్కో ఇంటి నుంచి పిల్లలు పన్నెండేసి కాగితపు ఆకులు చేసి తెస్తారు, వెనక తమ పేరు తెలుగులో రాసుకుని. దారం నేను తెస్తాను, నిచ్చెన కోశాధికారి గారు తెస్తారు. అభ్యంతరం లేనివాళ్ళు చేతులెత్తండి. కునుకు తీస్తున్నవాళ్ళని కూడా ఒప్పుకున్నట్టే లెక్కేస్తాను.