పాత దూలాలతో కొత్త ఇల్లు: కణంలో ఒక ఎంజైము, ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు

(వజ్రోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరీ తీర గ్రామాలలో పాత ఇల్లు విప్పేటప్పుడు టేకు దూలాలను, ద్వారబంధాలను ఎవరూ పొయ్యిలో పెట్టరు. మట్టిగోడ మట్టిలో కలిసిపోవచ్చు గాని, దూలం మాత్రం కొత్త ఇంటికప్పును మోయడానికి వెళ్తుంది. అడవికి పోయి చెట్టు కొట్టి, కోయించి, చెక్కించి, ఆరబెట్టి తెచ్చే శ్రమ ఎంతటిదో గృహస్థునికి తెలుసు. మానవ శరీరంలోని ప్రతి కణమూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుంటుంది. ఆ పనికి నియుక్తమైన ఒక ఎంజైమును గురించినదే ఈ ప్రసంగం.

జన్యువులను కూర్చిన అక్షరాలు నాలుగు. వాటిలో అడినిన్, గ్వానిన్ అనే రెండు ప్యూరిన్ వర్గానికి చెందినవి. జన్యువులలోనే కాదు, కణం ఖర్చుపెట్టే శక్తి నాణెమైన ఏ.టి.పి.లో కూడా ఉన్నది అడినిన్ అనే ప్యూరినే. ప్యూరిన్ లేనిదే కణం చీలదు, కండరం కదలదు. దానిని మొదటి నుండి తయారు చేయాలంటే మానవ కణం వరుసగా 10 రసాయన చర్యలు జరపాలి. వాటిలో పలు మెట్ల వద్ద శక్తిని వెచ్చించాలి. ఆ పదింటిలో రెండు మెట్ల వద్ద ఫోలిక్ ఆమ్లం నుండి రూపొందిన సహాయక పదార్థం ఒక్కొక్క కర్బన పరమాణువును అందించాలి. ఈ ఫోలిక్ ఆమ్లం సంగతి శ్రోతలు గుర్తుంచుకోవాలి. కథ మళ్లీ దాని దగ్గరకే వస్తుంది.

కణాలు శిథిలమైనప్పుడు విడివడే హైపోజాంథిన్, గ్వానిన్ అనే ప్యూరిన్లను పారవేయకుండా ఒకే ఒక్క చర్యతో తిరిగి ఉపయోగంలోకి తెచ్చేది హైపోజాంథిన్-గ్వానిన్ ఫాస్ఫోరైబోసిల్ ట్రాన్స్‌ఫరేజ్. పేరు పలకడానికి నోరు తిరగదు. శాస్త్రజ్ఞులే దానిని హెచ్.జి.పి.ఆర్.టి. అని కుదించుకున్నారు. ఫాస్ఫేటులు తగిలించిన ఒక చక్కెర అణువును పట్టుకొని, విడి ప్యూరిన్‌ను దానికి అతికించడమే దీని విధి. హైపోజాంథిన్ అతికితే ఐ.ఎం.పి., గ్వానిన్ అతికితే జి.ఎం.పి. అనే న్యూక్లియోటైడ్లు సిద్ధమవుతాయి.

దీని నిర్మాణం చూడముచ్చటైనది. రెండువందల పైచిలుకు అమైనో ఆమ్లాలు దండగా చేరి మడతపడితే ఒక భాగం. అటువంటి నాలుగు భాగాలు, రెండు జంటలుగా చేరితే ఎంజైము పూర్తవుతుంది. ప్రతి భాగం నడుమ పలకల వంటి పట్టీలు, వాటికి అటూ ఇటూ సర్పిలాకారపు చుట్టలు, పైన ఒక మూత వంటి భాగం ఉంటాయి. మెగ్నీషియం అయాన్ల తోడుతో చక్కెర అణువు ముందుగా గూటిలో కూర్చుంటుంది. తరువాత ప్యూరిన్ ప్రవేశిస్తుంది. అప్పుడు ఒక వంగే గుణం గల ఉచ్చు వచ్చి గూటిని మూసివేస్తుంది, వడ్రంగి అతుకు వేసేటప్పుడు చెయ్యి అడ్డుపెట్టినట్లు. 165వ స్థానంలోని లైసిన్, వచ్చిన ప్యూరిన్ ఆరవ స్థానంలో ఆక్సిజన్ ఉన్నదో లేదో తడిమి చూస్తుంది. అడినిన్‌కు అక్కడ ఆక్సిజన్ లేదు కనుక దానికి ఇక్కడ ప్రవేశం లేదు. దాని కొరకు వేరొక ఎంజైము ఉన్నది. మానవ ఎంజైము యొక్క ఈ స్వరూపాన్ని స్ఫటికాలపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించారు.

ఇంత చిన్న పొదుపు పని ఆగిపోతే ఏమవుతుంది? తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన భాగం ఇది.

1964లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య సంస్థలో మైకేల్ లెష్ అనే వైద్య విద్యార్థి, విలియం నైహాన్ అనే ఆచార్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించారు. పుట్టినప్పుడు మామూలుగానే కనిపించిన మగబిడ్డ నెలలు గడిచినా మెడ నిలపడు, కూర్చోలేడు. కాళ్లూ చేతులూ తన ఇష్టం లేకుండా మెలికలు తిరుగుతాయి. ఆపై అత్యంత దారుణమైన లక్షణం బయటపడుతుంది: పిల్లవాడు తన పెదవులను, వేళ్లను తానే కొరుక్కుంటాడు. నొప్పి తెలియక కాదు. నొప్పి తెలుసు, ఏడుస్తాడు, అయినా ఆపుకోలేడు. చేతులు కట్టివేస్తే భయపడవలసిన పిల్లవాడు కట్లు ఉన్నప్పుడు ఊరట పొందుతాడు, విప్పబోతే కలవరపడతాడు. ఈ సంగతి చదివిన వారెవరికైనా మనసు కలచివేయక మానదు.

1967లో సీగ్‌మిల్లర్, రోజెన్‌బ్లూమ్, కెల్లీ అనే శాస్త్రజ్ఞులు కారణం కనుగొన్నారు. ఈ పిల్లలలో హెచ్.జి.పి.ఆర్.టి. పని చేయడం లేదు. దూలాలు తిరిగి వాడుకునే వాడు లేనందున ప్యూరిన్లన్నీ యూరిక్ ఆమ్లంగా మారుతున్నాయి. అది చాలదన్నట్లు కణం కొత్త ప్యూరిన్లను మరింత వేగంగా తయారు చేస్తున్నది. యూరిక్ ఆమ్లం మూత్రపిండాలలో రాళ్లుగా, కీళ్లలో వాపుగా తేలుతుంది. శిశువు పొత్తిగుడ్డ మీద నారింజ రంగు ఇసుక వంటి పొడి పదేపదే కనిపించడం తొలి సూచన కావచ్చు. అది కనిపించిన ప్రతి శిశువుకూ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. ఇది అత్యంత అరుదైనది. అయినా అటువంటి గుడ్డను ఉతికి ఆరవేయకుండా వైద్యునికి చూపించడంలో నష్టం లేదు. అల్లోప్యూరినాల్ అనే మందు యూరిక్ ఆమ్లాన్ని అదుపు చేసి మూత్రపిండాలను కాపాడుతుంది గాని, మెదడుకు సంబంధించిన లక్షణాలను తగ్గించలేదు.

ఈ ఎంజైము జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. స్త్రీకి రెండు ఎక్స్‌లు కనుక ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది, మగబిడ్డకు ఉన్నదొక్కటే. కనుక సాధారణంగా రోగం కొడుకులో కనిపిస్తుంది, జన్యువు తల్లి ద్వారా వస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు గ్రహచారమనో, గాలి సోకిందనో, తల్లి చేసిన పాపమనో నిందించే అలవాటు ఇరుగుపొరుగున ఇంకా పోలేదు. తల్లి ఆ జన్యువును ఎంచుకొని ఇవ్వలేదు. కొన్ని సందర్భాలలో తల్లి జన్యువు నిర్దోషంగానే ఉండి, మార్పు బిడ్డలోనే కొత్తగా కలుగుతుంది కూడా. నేడు జన్యు పరీక్షతో ఈ విషయం నిర్ధారించవచ్చు.

ఇక తెలుగువారు గర్వింపదగిన భాగం. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడైనాడు. (పరీక్షాఫలితాలు వచ్చిన రోజున పిల్లల మీద విరుచుకుపడే తండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు.) మద్రాసులో వైద్యవిద్య పూర్తి చేసి 1922లో బోస్టన్ వెళ్లాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించాడు. జీవరసాయన ప్రయోగశాలలలో ఆ పద్ధతి వారి పేర్లతోనే చలామణి అయింది. జర్మనీలో కార్ల్ లోమాన్ ఏ.టి.పి.ని కనుగొన్న 1929లోనే వీరూ స్వతంత్రంగా దానిని కండరం నుండి వేరుచేశారు.

సుబ్బారావు సోదరుడు స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యాడు. ఆ వ్యాధిలో లోపించే ఫోలిక్ ఆమ్లాన్ని 1940 దశకంలో లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందమే కృత్రిమంగా తయారు చేసింది. పిదప ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ అక్కడే పుట్టింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ మెరుగుదల తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ పిల్లలకు ఏ దారీ లేదు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

హార్వర్డులో అదే ఫిస్కే వద్ద ప్యూరిన్ల మీద పరిశోధించి 1933లో డాక్టరేటు పొందిన జార్జ్ హిచింగ్స్, అనంతర కాలంలో గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందును రూపొందించాడు; 1988లో ఇరువురికీ నోబెల్ బహుమానం లభించింది. ఆ మందు స్వయంగా ఏమీ చేయలేదు. హెచ్.జి.పి.ఆర్.టి. దానిని నిజమైన ప్యూరిన్ అని భ్రమించి చక్కెరకు అతికించిన తరువాతనే విషమవుతుంది. ఎంజైమును పోగొట్టుకున్న క్యాన్సర్ కణం ఆ మందుకు లొంగదు. అమినోప్టెరిన్‌కు సోదరి వంటి మెథోట్రెక్సేట్, ఈ మెర్కాప్టోప్యూరిన్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో జంటగా వాడబడుతున్నాయి.

మరొక చోట కూడా ఈ ఎంజైము, అమినోప్టెరిన్ ఎదురుపడ్డాయి. అమినోప్టెరిన్ కలిపిన ద్రావణంలో కణం కొత్త ప్యూరిన్లు చేసుకోలేదు. పక్కనే హైపోజాంథిన్, థైమిడిన్ పెడితే వాటిని వాడుకోగల ఎంజైములున్న కణమే బ్రతుకుతుంది. ఈ జల్లెడతోనే 1975లో కోలర్, మిల్‌స్టెయిన్‌లు హెచ్.జి.పి.ఆర్.టి. లేని క్యాన్సర్ కణాన్ని, ప్రతిరక్షకం తయారు చేసే కణంతో కలిపి, కలిసిన వాటిని మాత్రమే ఏరుకున్నారు. అలా పుట్టిన ఏకరూప ప్రతిరక్షకాలు నేడు రక్తవర్గం నిర్ణయించే ద్రావణాలలోను, ఉమ్రి మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ పట్టీలోను పనిచేస్తున్నాయి.

చివరగా మలేరియా. ఆ పరాన్నజీవికి ప్యూరిన్‌ను మొదటి నుండి నిర్మించే శక్తి లేదు; మనిషి రక్తకణంలోని పాత దూలాలే దానికి గతి. దాని ఎంజైము మానవ ఎంజైమును పోలినదే గాని, జాంథిన్‌ను కూడా స్వీకరిస్తుంది. ఆ తేడాను ఆధారం చేసుకొని, మనిషిది విడిచి పరాన్నజీవిది మాత్రమే మూసివేయగల మందు కొరకు అన్వేషణ సాగుతున్నది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో హేమలతా బలరాం బృందం ఈ ఎంజైమును విస్తృతంగా పరిశీలించింది. ప్రయోగశాలలో దానిని అడ్డగించే అణువులు కొన్ని సిద్ధమైనాయి. రోగి చేతికి అందే మాత్ర ఇంకా రావలసి ఉన్నది.