కమ్యూనిటీ కాలేజీలో ఫిలాసఫీ: ఉండిపోతే ఒప్పుకున్నట్టేనా?

మనవాళ్ళ దగ్గర ఫిలాసఫీ అనే మాటకి ఎంత పరువుందో మీకు తెలుసు కదా. లవ్ ఫెయిలైనవాడు అర్ధరాత్రి మాట్లాడితే ఫిలాసఫీ. మూడో పెగ్గు తర్వాత బాబాయ్ మాట్లాడితే ఫిలాసఫీ. "ఒరేయ్, పొద్దున్నే ఫిలాసఫీ మొదలెట్టకు" అంటాం. అలాంటి సబ్జెక్టుని నేను ఫీజు కట్టి, హోంవర్క్ చేసి మరీ చదువుతున్నా. కాలిఫోర్నియాలో, ఒక కమ్యూనిటీ కాలేజీలో.

కమ్యూనిటీ కాలేజీ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్ళు. అందులో మొదటి రెండేళ్ళ చదువు ఊళ్ళోనే, తక్కువ ఖర్చుతో చెప్పే ప్రభుత్వ కాలేజీలివి. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు. ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు. ఒక కోర్సు మూడు యూనిట్లు, అంటే 138 డాలర్లు, పైన చిన్న చిన్న ఫీజులు. ఇండియా నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళకి మాత్రం దీనికి ఎన్నో రెట్లు పడుతుంది. కాబట్టి ఇది విని ఎవరూ బ్యాగు సర్దుకోకండి, ప్లీజ్.

నేను హెచ్-4 మీద వచ్చా. అంటే హెచ్-1బి ఉన్నాయన భార్యని. ఇక్కడ బతకొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. మా ఆయన గ్రీన్‌కార్డు ప్రాసెస్ ఒక దశ దాటితేనే నాకు పని చేసే పర్మిట్ వస్తుంది. అక్కడ నాలుగేళ్ళు జాబ్ చేసినదాన్ని ఇక్కడ డిష్‌వాషర్ లోడ్ చేస్తూ కూర్చున్నా. ఏడాది దాటాక రాష్ట్ర నివాసిగా తక్కువ ఫీజు వర్తిస్తుందని తెలిసి, కాలేజీ సైట్ ఓపెన్ చేశా. సాయంత్రం క్లాసుల్లో ఖాళీ ఉన్నవి రెండు: అకౌంటింగ్, ఇంట్రడక్షన్ టు ఫిలాసఫీ. అకౌంటింగ్ తీసుకో అని అందరూ చెప్పారు. అందరూ అంటే, నిజంగా అందరూ.

అత్తయ్యగారు వీడియో కాల్‌లో, "ఫిలాసఫీ అంటే వేదాంతమా అమ్మా? ఈ వయసులో ఎందుకు?" అన్నారు. "వేదాంతం కాదత్తయ్యా, తర్కం. పొగ కనిపిస్తే నిప్పు ఉందని ఎలా చెప్పగలం, అలాంటివి" అన్నా. "దానికి అమెరికా వెళ్ళాలా?" అన్నారు. ఆ పాయింటు కరెక్టే. పొగా నిప్పూ ఉదాహరణతో పిల్లలకి తర్కం నేర్పే 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే.

ఇక క్లాసు. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నరకి. నా పక్కన అంబులెన్స్‌లో పనిచేసే అమ్మాయి, యూనిఫాం మీదే వచ్చేది. వెనక ఒక రిటైరైన పెద్దాయన. ఇంకో కుర్రాడు రాత్రంతా గోడౌన్లో పార్సిళ్ళు ఎత్తి, పగలు నిద్రపోయి వచ్చేవాడు. మా మేడమ్ పార్ట్‌టైమ్ లెక్చరర్, మూడు కాలేజీల మధ్య కారులో తిరిగే మనిషి. ఆవిడకి మా కాలేజీలో సొంత గది కూడా లేదు. డౌట్లుంటే పార్కింగ్‌లో ఆవిడ కారు పక్కన నిలబడి అడగడమే.

మూడో వారం ప్లేటో రాసిన 'క్రీటో' చదివాం. కథ సింపుల్. క్రీ.పూ. 399. సోక్రటీస్‌కి డెబ్భై ఏళ్ళు, మరణశిక్ష పడింది, జైల్లో ఉన్నాడు. ఫ్రెండ్ క్రీటో తెల్లవారకముందే వచ్చి, అన్నీ సెట్ చేశా, పద పారిపోదాం అంటాడు. సోక్రటీస్ రానంటాడు. ఆయన వాదన ఏంటంటే: ఈ ఊరి చట్టాల కిందే పుట్టా, పెరిగా. నచ్చకపోతే సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయే వీలుంది, అయినా వెళ్ళలేదు. ఉండిపోయానంటే ఒప్పుకున్నట్టే. ఇప్పుడు నాకు ఎదురుతిరిగిందని మాట తప్పుతానా?

గోడౌన్ కుర్రాడు చెయ్యెత్తాడు. వాణ్ణి మూడేళ్ళప్పుడు అమ్మానాన్నలు కాగితాల్లేకుండా ఈ దేశం తీసుకొచ్చారట. ఆ విషయం వాడే క్లాసులో చెప్పాడు. "ఉండిపోవడం ఒప్పుకోవడం ఎలా అవుతుంది? నాకు వెళ్ళడానికి ఇంకో చోటు ఏది?" అన్నాడు. క్లాసంతా గప్‌చుప్.

మేడమ్ ఓదార్పు మాటలేం చెప్పలేదు. ఇంకో కాగితం పంచారు. డేవిడ్ హ్యూమ్ 1748లో అచ్చేసిన వ్యాసం. అందులో ఒక ఓడ ఉంటుంది. మనిషిని నిద్రలో ఉండగా ఓడెక్కించారు. లేచి చూస్తే నడిసముద్రం. దిగలేదు కాబట్టి కెప్టెన్ పెత్తనానికి ఒప్పుకున్నట్టే అంటే ఎలా, దిగడమంటే నీళ్ళలో దూకడమే కదా అంటాడు హ్యూమ్. ఆ కుర్రాడు అది రెండుసార్లు చదివి, ఫోటో తీసుకున్నాడు. తన మనసులో మాటని ఎప్పుడో ఎవరో సీరియస్‌గా రాసిపెట్టారని తెలిస్తే మనిషి కూర్చునే తీరే మారుతుంది. నేను కళ్ళారా చూశా.

కానీ ఆ రాత్రి బస్సులో నాకు తట్టింది వేరే. సోక్రటీస్ మాట ఆ కుర్రాడికన్నా నాకే గట్టిగా తగులుతుంది. నన్నెవరూ నిద్రలో ఎక్కించలేదు. వీసా ఇంటర్వ్యూకి నేనే క్యూలో నిలబడ్డా, నేనే సంతకం పెట్టా. మరి నేను ఈ రూలుకి ఒప్పుకున్నట్టేనా? టికెట్ మీద పేరు నాదే. నిర్ణయం ఎంత శాతం నాది?

ఇదే మాట ఇంట్లో ఎన్నోసార్లు గొడవైంది. మా ఆయన "నిన్నెవరైనా బలవంతం చేశారా?" అంటారు, నేను ఏడుస్తా, అన్నం చల్లారిపోతుంది. మేడమ్ ఇచ్చిన అసైన్‌మెంట్ ఏంటంటే, నీకు నచ్చని పక్షం తరఫున రెండు పేజీలు రాయాలి, ఆ పక్షంవాడు చదివి "అవును, నేనన్నది ఇదే" అనేంత బాగా. తర్వాతే నీ జవాబు. నేను మా ఆయన పక్షం రాశా. తెలుగులో చెప్పి వినిపించా. ఫోన్ పక్కన పెట్టి విన్నారు. "ఇంత బాగా నేను కూడా చెప్పలేదే" అన్నారు. అప్పుడు నా జవాబు మొదలుపెట్టా. ఆయన అడ్డు రాలేదు. పెళ్ళయ్యాక ఈ టాపిక్ మీద నా మాట పూర్తవడం అదే మొదటిసారి. వెనక్కి వెళ్ళాలా, ఉండాలా అనేది ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఉద్యోగం వస్తుందా అని కామెంట్లలో అడుగుతారు, తెలుసు. నేరుగా రాదు. అరవై యూనిట్లు పూర్తిచేసి, ట్రాన్స్‌ఫర్ కోసం పెట్టిన అసోసియేట్ డిగ్రీ తెచ్చుకుంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట సీటు గ్యారంటీ, మనం కోరిన క్యాంపస్‌లోనే అని కాదు. నేను వచ్చే సెమిస్టర్‌కి లాజిక్ తీసుకున్నా. అకౌంటింగ్ కూడా తీసుకున్నా, అత్తయ్యగారికి చెప్పండి.

'క్రీటో' ఇంగ్లిష్‌లో నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, చాలా చిన్నది, ఒక సాయంత్రం చాలు. చదివి, సోక్రటీస్ తరఫున ఐదు వాక్యాలు రాసి కామెంట్లో పెట్టండి. ఆయనతో ఒప్పుకోనక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్ హ్యూమ్ ఓడ దగ్గర మొదలుపెడదాం. ఉంటా మరి.