చెయిను తెగకముందే చెబుతుంది
(రాబర్ట్‌సన్‌పేటలో మిల్లు కార్మికుల ఎదుట ఒక ఫిట్టర్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్లో మాట్లాడుతూ గనుల మాట ఎత్తకుండా ఉండలేం. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఇక్కడ మన చిత్తూరు వైపు వాళ్లు, తమిళ సోదరులు కేజీలో కూర్చుని పాతాళానికి దిగేవారు. చాంపియన్ రీఫ్ లోతు మూడు కిలోమీటర్లకు పైమాటే. కేజీని మోసే ఇనుప తాడును రోజూ చూడాలి, చూసినట్టు పుస్తకంలో రాయాలి. మనుషులు వేలాడుతున్నారు కాబట్టి తాడుకు ఆ మర్యాద దక్కింది. మన కార్డింగ్ మిషను చెయినుకు దక్కలేదు. అది తెగితే మాత్రం మెమో మనకు!

నేను పనిచేసిన ఒక మిల్లులో రాత్రి షిఫ్టులో చెయిను తెగింది. "ఆయిల్ వేయలేదు" అని ఆయిలర్‌కు ఛార్జిషీటు ఇచ్చారు. తెగిన ముక్క తెల్లవారేసరికి స్క్రాపులోకి పోయింది. ఆ ముక్క ఉంటే కథ వేరేగా ఉండేది. ఎందుకంటారా?

ప్లేటు ఒక్కసారిగా తెగితే తెగిన చోటంతా కొత్తగా మెరుస్తుంది. రోజుల తరబడి పగులు పాకి తెగితే పాత పగులు భాగం నున్నగా, నూనె మురికితో నల్లగా ఉంటుంది, చివర తెగిన కాస్తే మెరుస్తుంది. రంధ్రం దగ్గర మొదలైన అలాంటి పగులు ఎక్కువగా లోడు వల్ల, కుదుపుల వల్ల వచ్చేది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడి తప్పు అని ఎవరూ అనలేరు. అందుకే తెగిన ముక్కను కాగితంలో చుట్టి, తేదీ, మిషను నంబరు రాసి, ఇద్దరి సంతకాలతో మేస్త్రికి అప్పగించండి. అందినట్టు రాయించుకోండి.

"చెయిను సాగింది" అంటాం గానీ నిజానికి ప్లేట్లు సాగవు. పిన్ను, బుష్షు లోపల అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి అరుగుదల, అన్నీ కలిస్తే పొడవు పెరుగుతుంది. అర అంగుళం పిచ్ చెయినులో 24 లింకులు కొత్తలో 304.8 మిల్లీమీటర్లు. బిగువుగా లాగి, మూడు నాలుగు చోట్ల కొలవండి. 311 దగ్గరికి వస్తే, అంటే 2 శాతం పెరిగితే, కొత్తది అడగండి. 3 శాతం దాకా లాగిస్తే పళ్ల మీదికెక్కి దూకుతుంది. కొలతకు కావలసింది ఒక స్కేలు, మిషను ఆగి ఉన్న పది నిమిషాలు.

కీళ్ల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే పిన్ను దాకా నూనె చేరడం లేదన్నమాట. పైన గ్రీసు పూస్తే లాభం లేదు, లోపలికి పోదు. పైగా మన మిల్లుల్లో పత్తి నూగు దానికి అంటుకుని వత్తిలా నూనెను పీల్చేస్తుంది. ముందు నూగు తుడిచి, పల్చటి నూనెను ప్లేట్ల సందుల్లోకి, చెయిను లోపలి వైపు నుంచి వేయాలి. తిరిగేటప్పుడు అది బయటికి పాకుతుంది. ప్లేట్ల లోపలి పక్క ఒకవైపే మెరుస్తుంటే రెండు స్ప్రాకెట్లు ఒకే వరుసలో లేవు. అది ఫిట్టర్ల పని, అంటే మాది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇదంతా మిషను ఆపి చేయాలి. తిరుగుతున్న చెయినుకు నూనె వేస్తూ వేళ్లు పోగొట్టుకున్నవారు మనలో ఉన్నారు. ఉత్పత్తి తగ్గుతుందని ఆపనివ్వకపోతే ఆ మాట రాసిమ్మని అడగండి. కదిలే భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, 21వ సెక్షనులో రాశారు. శుభ్రం చేయడానికి తీసిన గార్డు మళ్లీ బిగించకుండా మిషను స్టార్టు చేయకండి.

ఇంకొక్క మాట. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే వాటి మీద కొత్త చెయిను వేయనివ్వకండి, అదీ త్వరగా పాడవుతుంది. జాయింటు క్లిప్పు మూసిన కొన చెయిను వెళ్లే దిక్కుకే ఉండాలి. రేపు షిఫ్టులో ముందు అదొక్కటి చూడండి.